ఇల్లు లేనివాళ్లను క్యాన్సర్ పరీక్షకు మెసేజ్‌తో పిలవడం ఎలా

విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల రాత్రి పది దాటాక గోడ వారంట దుప్పట్లు పరుచుకుంటాయి. వారానికి మూడు రాత్రులు మేము కొందరం అక్కడికి అన్నం బండి తీసుకెళ్తాం. నా పేరు అక్కడ ఎవరికీ తెలియదు, అందరూ 'అన్నం బండి అప్ప' అంటారు. మావైపు అప్ప అంటే అక్క. ఒకసారి వడ్డిస్తుంటే దుప్పటి కింద చిన్న బటన్ ఫోన్ వెలుగుతూ కనిపించింది. ఫోన్లున్నాయి కదా, క్యాన్సర్ పరీక్షలకు రమ్మని మెసేజ్ పెడితే వచ్చేస్తారు అనుకున్నాం. పెట్టాం. మొదటిసారి వచ్చినవాళ్లకు ఒక చేతి వేళ్లు సరిపోయాయి.

తర్వాత నెమ్మదిగా పని నేర్చుకున్నాం. విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో ఈ పని చేద్దామనుకునేవాళ్లు మేము చేసిన తప్పులే మళ్లీ చేయకుండా ఉంటారని ఇది రాస్తున్నాను. మెసేజ్ మీద మరీ ఆశ పెట్టుకోవద్దని ముందే చెప్తున్నా. లండన్‌లోని హిల్లింగ్డన్ ప్రాంతంలో రొమ్ము పరీక్షకు పిలిచిన ఆడవాళ్లకు 48 గంటల ముందు మెసేజ్‌తో గుర్తుచేసి చూశారు. 2015లో అచ్చయిన ఆ పరిశోధనలో, పరీక్షకు వచ్చినవాళ్లు నూటికి 59 మంది నుంచి 64 మందికి పెరిగారు. అంటే వందకు ఐదుగురు ఎక్కువ, అదీ ఇళ్లూ చిరునామాలూ ఉన్న మనుషుల్లో. రోడ్డు మీద పడుకునే మనిషికి మెసేజ్ ఒక్కటే పెట్టి ఊరుకుంటే ఆ ఐదుగురు కూడా రారు. ముందు ముఖాముఖి ఒక మాట అనుకోవాలి. ఆ మాటను గుర్తుచేయడమే మెసేజ్ పని.

ముందు ఆసుపత్రితో మాట్లాడుకోండి

ఫోన్ పట్టుకునే ముందు దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రానికి వెళ్లి నర్సునీ డాక్టర్నీ కలవండి. కేంద్ర ప్రభుత్వం 2016లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల మధ్య వాళ్లకు ఐదేళ్లకోసారి మూడు క్యాన్సర్లకు పరీక్ష చేయాలి. అవి నోరు, రొమ్ము, గర్భసంచి ముఖద్వారం. నోటికి టార్చి వేసి చూస్తారు. రొమ్మును చేత్తో తడిమి చూస్తారు. గర్భసంచి మూతికి పలుచని వెనిగర్ లాంటి ద్రావణం పూసి, ఒక నిమిషం ఆగి, తెల్లగా మారిందేమో చూస్తారు. మన పనికి ఈ పద్ధతుల్లో పెద్ద సౌకర్యం ఉంది. మూడింటిలోనూ ఏం కనిపించిందో అక్కడికక్కడే చెప్పేస్తారు. 'వారం తర్వాత రిపోర్టుకు రండి' అంటే, ఆ వారంలో మన మనిషి బొబ్బిలిలో ఉంటాడో రాయగడలో ఉంటాడో ఎవరికి తెలుసు?

అడగాల్సినవి నాలుగున్నాయి. ఏ రోజు ఏ వేళ రద్దీ తక్కువ? ఆ రోజు ఆడ నర్సు ఉంటారా? ఆధార్ గానీ బియ్యం కార్డు గానీ లేకపోయినా చూస్తారా? తేడా కనిపిస్తే ఎక్కడికి పంపుతారు? మూడో ప్రశ్నకు 'చూద్దాంలెండి' అన్న జవాబుతో తృప్తిపడి వచ్చేయకండి. మేము అలాగే వచ్చేశాం. తీరా ఆ రోజు కౌంటర్‌లో కూర్చున్నాయన కార్డు లేదని ఇద్దర్ని వెనక్కి పంపేశాడు. వాళ్లిద్దరూ మళ్లీ మా మాట నమ్మలేదు. అన్నం కూడా కొన్నాళ్లు వేరే బండి దగ్గర తిన్నారు. డాక్టరు ఒప్పుకోవడంతో సరిపోదు, చీటీ రాసే మనిషికి కూడా సంగతి తెలిసి ఉండాలి.

పైడితల్లి అమ్మవారి పండగ రోజులు పెట్టుకోకండి. దసరా తర్వాత వచ్చే మంగళవారం సిరిమాను. ఆ వారమంతా మూడు లాంతర్ల చుట్టుపక్కల ఎవరు ఎక్కడ పడుకుంటారో వాళ్లకే తెలియదు.

నోటితో మొదలుపెట్టండి

మూడింటినీ ఒకేసారి నెత్తికెత్తుకోవాలని లేదు. నోటి పరీక్షకు బట్టలు విప్పే పని లేదు, ఆడా మగా ఇద్దరికీ చేస్తారు, రెండు నిమిషాల్లో అయిపోతుంది. మన జిల్లాల్లో దానికి ఇంకో కారణం కూడా ఉంది. చుట్టను వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటు, అదే అడ్డపొగ, మనవైపు పెద్ద వయసు ఆడవాళ్లలో ఎప్పట్నుంచో ఉంది. నిప్పు వేడంతా అంగిలికి తగులుతుంది. 1969లో అచ్చయిన ఒక పెద్ద సర్వేలో దేశంలోని ఐదు జిల్లాల్లో 50,915 మంది పల్లెజనం నోళ్లు పరీక్షించారు. ఆ ఐదింట్లో శ్రీకాకుళం ఒకటి. ఆ తర్వాత 1971లో, ఆంధ్రాలో అడ్డపొగ తాగేవాళ్ల అంగిలి మచ్చల గురించే విడిగా ఒక పరిశోధన వచ్చింది. ఇప్పుడు చుట్టకు తోడు ఖైనీ, గుట్కా వచ్చి చేరాయి.

వాళ్లతో మాట్లాడేటప్పుడు 'క్యాన్సర్' దగ్గర మొదలుపెట్టకండి. 'నోట్లో పుండు రెండు వారాలైనా మానలేదా? తెల్ల మచ్చో ఎర్ర మచ్చో ఉందా? నోరు మునుపటంత తెరుచుకోవట్లేదా? కారం తగిలితే మంటా?' అని అడగండి. ఒక మామ్మ నాతో, "నాకేటయిందే అప్పా, బానే ఉన్నాను గదా" అంటూనే పచ్చడి పక్కకు నెట్టేసింది. ఎందుకమ్మా అంటే, "మంటే, ఏడాది నుంచి తింటన్నేదు" అంది.

నోటుబుక్కు

ఇక నంబర్లు రాసుకునే పని. మూడు నాలుగు రాత్రులు తీరిగ్గా పెట్టుకోండి. అన్నం తినే మనిషి ముందు ఫారం పట్టుకుని నిలబడకండి. తిని చెయ్యి కడుక్కున్నాక పక్కన కూర్చుని, 'నోరు చూపించుకోవడానికి ఒక రోజు అందరం కలిసి వెళ్దాం. ముందు రోజు మీ ఫోన్‌కి మెసేజ్ పెట్టమంటారా?' అని అడగండి. వద్దంటే వద్దు. సరేనంటే, ఒప్పుకున్నట్టు తేదీతో సహా రాసుకోండి.

మా నోటుబుక్కులో పేరు, నంబరు తర్వాత వచ్చే గళ్లే ఎక్కువ పనికొచ్చాయి. ఆ ఫోన్ ఎవరిది? సొంతమా, పక్కన పడుకునే మనిషిదా, టీ కొట్టు వాళ్లదా? చదవగలరా? తెలుగా, ఒడియానా, హిందీనా? ఫోన్ ఎక్కడ, ఎప్పుడు చార్జింగ్ పెడతారు? రాత్రి ఎక్కడ పడుకుంటారు? అందరూ ఏమని పిలుస్తారు? ఈ చివరిది తప్పనిసరిగా రాసుకోండి. ఆధార్‌లో పేరేదైనా కావచ్చు, కాంప్లెక్స్‌లో ఆయన 'దుప్పటి తాత'. ఆ పేరు చెబితేనే పది మందీ చూపిస్తారు.

నంబరు చెప్పమంటే చాలామందికి గుర్తుండదు. మీ ఫోన్‌కి మిస్డ్ కాల్ ఇప్పించండి. రీఛార్జ్ అయిపోయి కాల్ వెళ్లకపోతే ఎవరి దగ్గర రీఛార్జ్ చేయించుకుంటారో అడగండి, ఆ కొట్టులో నంబరు ఉంటుంది. అక్కడే నిలబడి ఇంకో మూడు పనులు చేయండి. ఒకటి, తెలుగులో ఒక మెసేజ్ పంపి చూడండి. కొన్ని చవక ఫోన్లలో తెలుగు అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తాయి. అలాంటివాళ్లకు ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాయాలని గుర్తు పెట్టుకోండి. రెండు, వాళ్లు సరేనంటే పాత కంపెనీ మెసేజ్‌లు తీసేయండి. బటన్ ఫోన్లో ఇన్‌బాక్స్ నిండిపోతే కొత్తది లోపలికి రాదు. మాకు ఇది తెలిసేసరికి రెండు విడతలు అయిపోయాయి. మూడు, మీ నంబరును 'అన్నం బండి' అని సేవ్ చేయండి, ఫోన్లో కాకుండా సిమ్‌లో. ఫోన్ పోయినా, తాకట్టుకు వెళ్లినా సిమ్ మాత్రం దగ్గరే ఉంచుకుంటారు చాలామంది.

ఈ నోటుబుక్కు ఒక్కరి చేతిలోనే ఉండాలి. మాలో ఒక కుర్రాడు మంచి ఉద్దేశంతోనే ఆ పేజీ ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఎవరి నోట్లో ఏముందో, ఎవరు ఎక్కడ పడుకుంటారో అన్నీ అందులో ఉన్నాయి. వెంటనే తీసేయించాం గానీ, అది ఇంకెన్ని ఫోన్లలోకి వెళ్లిందో మాకు తెలియదు.

రాకపోవడానికి అసలు కారణాలు

మొదటి విడతలో రానివాళ్లను మర్నాడు రాత్రి అడిగాను. భయం అంటారనుకున్నాను. ఒకాయన అన్నాడు, "నా సంచి ఎవులు సూస్తారు?" ఆయన ఆస్తంతా ఆ సంచిలోనే ఉంది. రెండు చొక్కాలు, దుప్పటి, ఒక స్టీలు గిన్నె, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన కాగితాలు. గంటసేపు వదిలి వెళ్తే తిరిగొచ్చేసరికి ఉండదు. మా శిబిరం ప్లాన్‌లో జ్యూస్ ప్యాకెట్లు ఉన్నాయి, బ్యానర్ ఉంది, సంచి లేదు. రెండోసారి బండిలో ఒక మూల ఖాళీ చేసి, 'సంచులు ఇక్కడ పెట్టండి, నేను కదలను' అని ఒక మనిషిని కూర్చోబెట్టాం.

రెండో కారణం కూలి. పొద్దున్నే అడ్డా మీదకు వెళ్లేవాళ్లను 9 గంటలకు రమ్మంటే ఒక రోజు కూలి వదులుకోమన్నట్టే. పని దొరకనివాళ్లు కాసేపటికి తిరిగొస్తారు కాబట్టి మేము పదికి మార్చాం. పని దొరికినవాళ్ల కోసం ఆదివారం చూడమని నర్సమ్మను బతిమాలుకున్నాం.

మూడోది సిగ్గు. ఆడవాళ్ల విషయంలో ఇదే అన్నిటికంటే పెద్దది. 'స్నానం చేసి నాలుగు రోజులైంది, డాక్టరమ్మ ముందు ఎలా పడుకుంటాను' అంటే మన దగ్గర జవాబేముంది? ముందు రోజు సాయంత్రం డబ్బులిచ్చి స్నానం చేసే మరుగుదొడ్ల కాంప్లెక్స్‌లో వాళ్ల డబ్బు మీరు కట్టండి. సబ్బు, ఒక ఉతికిన చీరో నైటీయో ఇవ్వండి. నెలసరి రోజుల్లో గర్భసంచి పరీక్ష చేయరు. ఆ సంగతి వాళ్లను ఆడవాళ్లే అడగాలి. ఆ రోజుల్లో ఉన్నవాళ్లకు వేరే రోజు చెప్పాలి.

మెసేజ్ రాయడం

ఇక్కడ కాస్త లెక్క ఉంది. మామూలు ఎస్సెమ్మెస్ ఇంగ్లిష్ అక్షరాల్లో 160 వరకు పడుతుంది. తెలుగు లిపిలో 70 మాత్రమే. అది దాటితే ముక్కలవుతుంది. పైగా తెలుగులో గుణింతం, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. 'క్యాన్సర్' అనే మాట ఒక్కటే తొమ్మిది. మేము మొదట పంపింది ఇది:

30 ఏళ్లు పైబడిన వారందరూ ఉచిత క్యాన్సర్ స్క్రీనింగ్ సదుపాయాన్ని వినియోగించుకోగలరు

ఖాళీలతో కలిపి సరిగ్గా 80. ఎక్కడో చెప్పలేదు, ఎప్పుడో చెప్పలేదు, ఎవరు పిలుస్తున్నారో చెప్పలేదు. 'వినియోగించుకోగలరు' అనే మాటకే 17 పోయాయి. అలాంటి తెలుగు మన ఇంట్లో ఎవరైనా మాట్లాడతారా? పైగా క్యాన్సర్ అన్న మాట ఉంది. టీ కొట్టు ఫోన్‌కి వెళ్లిన మెసేజ్‌ను కొట్టాయన పైకి చదివాడు. అంతే, ఆ కుర్రాడికి క్యాన్సరట అని సాయంత్రానికల్లా రైల్వే స్టేషన్ దాకా పాకింది.

ఇప్పుడు పంపేది ఇది:

రేపు ఉదయం 10కి టీ కొట్టు దగ్గర ఉంటాను. కలిసి వెళ్దాం. అన్నం బండి అప్ప

69. రోజు, వేళ, చోటు, ఎవరు, ఎలా వెళ్తాం అన్నీ ఉన్నాయి. దేనికో లేదు. అది ముందే ముఖాముఖి చెప్పాం కాబట్టి ఆ మనిషికి తెలుసు, ఇంకెవరు చదివినా తెలియదు. 'రండి' అనకుండా 'ఉంటాను' అన్నాం. ఆసుపత్రి గుమ్మం దాకా ఒంటరిగా నడవమంటే రారు, మీరు టీ కొట్టు దగ్గర ఉన్నారంటే వస్తారు. అయితే నిజంగా ఉండాలి, పది నిమిషాల ముందే.

ముందు రోజు మధ్యాహ్నం ఇంకొకటి పంపండి: 'రాత్రి అన్నం దగ్గర కలుద్దాం. రేపు సంచీ తెచ్చుకోండి, బండిలో పెడతాం.' ఇది 66, ఒక్క మెసేజ్‌లోనే సరిపోతుంది. లింకులు, బొమ్మలు, 'ఆరోగ్యమే మహాభాగ్యం' లాంటివి వద్దు. జవాబు ఇమ్మని కూడా అడగకండి. రీఛార్జ్ అయిపోయిన సిమ్‌కి కొన్ని రోజుల పాటు మెసేజ్ వస్తుంది గానీ దాన్నుంచి వెళ్లదు. జవాబు రాలేదంటే రాననడం కాదు.

పంపడం

కాల్ చేయొచ్చు కదా అంటారు. పగలంతా ఆ ఫోన్ స్విచాఫ్. చార్జింగ్ పెట్టినప్పుడే వెలుగుతుంది. మెసేజ్ అయితే కాచుకుని ఉంటుంది. నోటుబుక్కులో చార్జింగ్ వేళ రాసుకున్నది ఇందుకే. మావాళ్లలో ఎక్కువమంది సాయంత్రం ఆరు, ఏడు మధ్య టీ కొట్టులోనో సెల్ రిపేర్ షాపులోనో పెడతారు. టీ కొట్టు మెసేజ్ ముందు రోజు ఆరున్నరకు పంపుతాం, పొద్దున్న ఏడుకు 'రేపు' తీసి 'ఇవాళ' అని పెట్టి అదే ఇంకోసారి. అదే మెసేజ్ రెండుసార్లకు మించితే విసుగు.

మీ సొంత నంబరు నుంచే పంపండి. మామూలు రీఛార్జ్ ప్లాన్లలో రోజుకు 100 ఎస్సెమ్మెస్‌ల దాకా ఉంటాయి, ముప్పై నలభై మందికి ధారాళంగా చాలు. మున్సిపాలిటీయో ఆసుపత్రో కలిసొచ్చి వందల మందికి ఒకేసారి పంపుతామంటే అది వేరే సంగతి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం పంపే సంస్థ ముందు నమోదు కావాలి, పంపేవారి పేరుకూ మెసేజ్ నమూనాకూ అనుమతి తీసుకోవాలి. అది వాళ్లే చూసుకుంటారు. నా అభిప్రాయం అడిగితే, అంత దూరం వెళ్లకండి. పొట్టి ఇంగ్లిష్ అక్షరాల పేరుతో వచ్చేవన్నీ లోన్ మెసేజ్‌లని మావాళ్లు చూడకుండానే తీసేస్తారు.

చదవలేనివాళ్ల కోసం చదివి వినిపించే మనిషిని ముందే మాట్లాడి పెట్టుకోండి. మాకు టీ కొట్టాయన భార్య దొరికింది. 'ఏటి తాతా, రేపు అప్ప వస్తానందట, కదలకు' అని ఆవిడ అరిస్తే మా మెసేజ్ కంటే బాగా పనిచేస్తుంది. ఒడియా వాళ్లకు వాళ్లలోనే ఒక కుర్రాడు చదువుతాడు. ఫోనే లేనివాళ్లను పక్కన పడుకునే మనిషి నంబరుకు జత చేయండి, ఇద్దరూ ఒప్పుకుంటేనే. మున్సిపాలిటీ నిరాశ్రయుల వసతి కేంద్రంలో ఉండేవాళ్లకు అక్కడి వార్డెన్ చెబితే చాలు, మెసేజ్ అక్కర్లేదు.

పరీక్ష అయ్యాక

ఫలితం మెసేజ్‌లో రాయకండి. బాగుందని కూడా. కొందరికే 'బాగుంది' అని వెళ్తే, ఆ మెసేజ్ రానివాళ్లు తమకు బాగాలేదని ఊహించుకుంటారు. 'అనుమానం ఉన్నవాళ్లనే పిలుస్తారు' అన్న మాట పుట్టిందంటే తర్వాతి విడతకు ఎవరూ కదలరు. అందుకని మేము పరీక్ష అయినవాళ్లందరికీ ఒకటే పెడతాం: 'శుక్రవారం రాత్రి అన్నం దగ్గర కలుద్దాం.' అక్కడ ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతాం.

తేడా కనిపించిన మనిషితో 'నీకు క్యాన్సర్' అనకూడదు, ఎందుకంటే అప్పటికి అది ఎవరికీ తెలియదు. 'నోట్లో మచ్చ ఉంది, చిన్న ముక్క తీసి చూడాలి' అనాలి. ముక్క పరీక్షకు పెద్దాసుపత్రికి మీరు వెంట వెళ్లండి. క్యాన్సర్ అని తేలితే విశాఖలో కేజీహెచ్ ఉంది, గాజువాక దాటాక అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. బస్సు చార్జీ, దారిలో తిండి, వెంట ఒక మనిషి, ఈ మూడూ లేకుండా చీటీ చేతికిచ్చి పంపితే ఆ చీటీ సంచిలోనే ఉండిపోతుంది.

కాగితాల పని ముక్క పరీక్ష ఫలితం దాకా ఆపకండి, మచ్చ కనిపించిన రోజే వార్డు సచివాలయానికి వెళ్లండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న పథకంలో వైద్యం ఉచితంగా జరగాలంటే ముందు కార్డు కావాలి. ఇల్లు లేని మనిషికి చిరునామా ఎలా అన్నదే చిక్కు. వసతి కేంద్రంలో ఉన్నవాళ్లయితే అక్కడి నుంచి లెటర్ అడగండి. దీనికి వారాలు పడుతుంది, ఓపిక పట్టాలి.

ఆరు నెలలకు ఒకసారి నోటుబుక్కులోని నంబర్లన్నిటికీ 'బాగున్నారా? అన్నం బండి అప్ప' అని పెట్టి చూస్తాను. కొన్నింటికి 'హూ ఈజ్ దిస్' అని వస్తుంది, సిమ్ చేతులు మారిందన్నమాట. అలాంటివాళ్లకు తప్పు నంబరని చెప్పి ఊరుకోండి, ఎవరికోసమో చెప్పకండి. ఆ వరసను ఎర్ర పెన్నుతో కొట్టేసి, సాయంత్రం టీ కొట్టు దగ్గరకు వెళ్లి అడగండి: "దుప్పటి తాత ఇప్పుడెక్కడ పడుకుంటన్నాడు?"